సముద్రం లోపల ఒక చెవి: కాక్లియా మోడల్‌ని ఎఫ్‌పీజీఏ మీద నడిపించడం

నీళ్ళ కింద హైడ్రోఫోన్ దించి శబ్దం రికార్డు చేయడం ఈ రోజుల్లో పెద్ద కష్టమేమీ కాదు. అసలు తలనొప్పి ఆ తర్వాత మొదలవుతుంది. 96 కిలోహెర్ట్జ్ శాంప్లింగ్ (సెకనుకి 96 వేల కొలతలు), శాంపిల్‌కి 24 బిట్లు అనుకుంటే ఒక్క హైడ్రోఫోన్ నుంచే రోజుకి దాదాపు 25 గిగాబైట్లు వచ్చి పడతాయి. దాన్ని ఒడ్డుకి పంపుదామంటే దారి లేదు. రేడియో తరంగాలు ఉప్పునీళ్ళలో కొద్ది దూరం కూడా పోవు, శబ్దంతో పనిచేసే అకూస్టిక్ మోడెమ్‌లు సాధారణంగా సెకనుకి కొన్ని కిలోబిట్లు మాత్రమే మోస్తాయి. కాబట్టి రెండే మార్గాలు: అంతా కార్డులో నింపుకుని నెల తర్వాత పైకి లాగి వినడం, లేదా వినే పని అక్కడే, నీళ్ళలోనే, బ్యాటరీ మీద చేయించడం. నాకు రెండోదే ఇష్టం. ఈ పోస్టు దాని గురించే. కాక్లియా అంటే లోపలి చెవిలో శబ్దాన్ని విడదీసే భాగం, ఎఫ్‌పీజీఏ అంటే లోపలి సర్క్యూట్‌ని మనకి కావలసినట్టు మార్చుకోగలిగే చిప్.

ఆ వినే పనికి ఎవరైనా ముందు పెట్టేది ఎఫ్‌ఎఫ్‌టీ. శబ్దాన్ని చిన్న చిన్న ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కలో ఏ ఫ్రీక్వెన్సీ ఎంత ఉందో లెక్క కట్టి, ఆ బొమ్మని న్యూరల్ నెట్‌వర్క్‌కి తినిపించడం. బాగానే పనిచేస్తుంది. కానీ మన చెవి అలా వినదు, జలాంతర్గామిలో హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చునే సోనార్ ఆపరేటరూ అలా వినడు. విశాఖ ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా నిలిపిన కుర్సురా లోపలికి వెళ్ళినవాళ్ళకి ఆ మనుషులు ఎంత ఇరుకులో పనిచేసేవాళ్ళో తెలుసు. శిక్షణ ఉన్న ఆపరేటర్ ప్రొపెల్లర్ చప్పుడు విని అది సరుకు ఓడో, చిన్న బోటో చెప్పగలడు, తిరుగుళ్ళు కూడా లెక్కపెట్టగలడు. అతని చెవిలో జరిగే పనిని చిప్ మీద చేయిస్తే ఏం వస్తుంది, ఏం రాదు అన్నదే నాకు ఆసక్తి.

ముందు నీళ్ళలో ఏం వినిపిస్తుందో చూద్దాం, ఎందుకంటే డిజైన్ మొత్తం దాని మీదే ఆధారపడుతుంది. దూరాన పోయే ఓడల గోల అంతా కింది వైపు, పదుల నుంచి కొన్ని వందల హెర్ట్జ్ దాకా ఉంటుంది. దాని పైన గాలికి లేచే అలల శబ్దం. సన్నటి జల్లు పడితే ఆ చినుకులు నీళ్ళలో వదిలే బుడగల వల్ల 15 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక ఉబ్బు కనిపిస్తుంది. ఇక మనలాంటి వెచ్చటి, లోతు తక్కువ తీరాల్లో అన్నిటికన్నా గోల చేసేది స్నాపింగ్ ష్రింప్ అనే వేలెడంత రొయ్య. అది పెద్ద కొండిని టక్కున మూస్తే వేగంగా చిమ్మే నీటి వెనక ఒక బుడగ పుట్టి, అది కూలిపోయేటప్పుడు చిటపట శబ్దం వస్తుంది. కొండి రెండు వైపులూ కొట్టుకోవడం వల్ల ఆ శబ్దం వస్తుందని చాలాకాలం అనుకున్నారు, బుడగే కారణమని 2000లో హై-స్పీడ్ కెమెరాతో తేల్చారు. ఇవి వేలల్లో కలిసి చిటపటలాడుతుంటే 2 కిలోహెర్ట్జ్ నుంచి పైకంతా మూకుడులో పోపు వేగుతున్నట్టే ఉంటుంది. ఒక్కో చిటపట మిల్లీ సెకనులోపే అయిపోతుంది కానీ బలం చాలా ఎక్కువ. ఎఫ్‌ఎఫ్‌టీ కిటికీ 50 మిల్లీ సెకన్లు అనుకోండి, ఆ ఒక్క టక్కు ఆ కిటికీ మొత్తాన్నీ అన్ని ఫ్రీక్వెన్సీల్లోనూ పాడుచేస్తుంది. చెవి లాంటి ఫిల్టర్లలో అయితే పై ఫ్రీక్వెన్సీ ఛానెళ్ళు చాలా తొందరగా స్పందించి తొందరగా చల్లబడతాయి కాబట్టి టక్కుకీ టక్కుకీ మధ్య ఉన్న ఖాళీలు మిగులుతాయి. ఆ ఖాళీల్లోనే మనకి కావలసింది దొరుకుతుంది.

చెవి సంగతికి వస్తే, లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకున్న కాక్లియా విప్పితే సుమారు 35 మిల్లీమీటర్లు. అందులో ఒక పొర మీద శబ్దం అలలా పాకుతూ, ఎక్కువ ఫ్రీక్వెన్సీలు మొదట్లోనే, తక్కువవి చివరికి పోయి ఆగుతాయి. ఈ పాకే అలని చూపించినందుకే బెకెషీ అనే శాస్త్రవేత్తకి 1961లో నోబెల్ వచ్చింది. కానీ ఆయన చూసింది చనిపోయిన వాళ్ళ చెవులని. 1948లోనే థామస్ గోల్డ్ ఒక ఇబ్బంది ఎత్తి చూపాడు: కాక్లియా నిండా ద్రవమే, ద్రవంలో కంపించేది ఏదైనా వెంటనే ఆగిపోతుంది, మరి ఇంత సన్నగా స్వరాలని ఎలా విడదీస్తుంది, లోపల ఎక్కడో శక్తిని తిరిగి అందించే ఏర్పాటు ఉండి తీరాలి అని. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1978లో డేవిడ్ కెంప్ చెవిలోంచి బయటికి వచ్చే శబ్దాన్ని మైక్రోఫోన్‌తో పట్టుకున్నాక గోల్డ్ మాట నిజమని తేలింది. బయటి వరస రోమ కణాలు తమంతట తాము సాగి ముడుచుకుంటూ సన్నటి శబ్దాలని పెంచుతాయి, పెద్ద శబ్దాలకి ఆ సాయం తగ్గిస్తాయి. అంటే చెవి ఫిల్టర్ల వరస మాత్రమే అనుకుంటే సగమే అర్థమైనట్టు, ప్రతి ఫిల్టర్ దగ్గరా తనంతట తాను సర్దుకునే వాల్యూమ్ ఉంది.

దీన్ని సిలికాన్ మీదకి తెచ్చిన మొదటివాళ్ళు రిచర్డ్ లయన్, కార్వర్ మీడ్. 1988లో వాళ్ళు అచ్చు వేసిన అనలాగ్ కాక్లియాలో 480 దశలు ఒకదాని వెనక ఒకటి ఉండేవి. ఈ లయనే అంతకుముందు జిరాక్స్‌లో ఆప్టికల్ మౌస్ తయారుచేసిన మనిషి. తర్వాత గూగుల్‌లో ఉండగా ఆయన తన పాత ఆలోచనలన్నిటినీ కలిపి కార్‌ఫ్యాక్ అనే డిజిటల్ మోడల్ తయారుచేశాడు, కోడ్ కూడా అందరికీ తెరిచే ఉంది. అందులో కార్ అంటే రెజొనేటర్ల గొలుసు, ఫ్యాక్ అంటే త్వరత్వరగా గెయిన్ (శబ్దాన్ని ఎంత పెంచాలన్నది) సర్దే భాగం. నేను మాట్లాడేది అంతా దీని గురించే. అనలాగ్ చిప్‌లు కరెంటు చాలా తక్కువ తింటాయి, అది నిజమే, కానీ ట్రాన్సిస్టర్లు ఒకదానికొకటి కొద్దిగా తేడాగా ఉంటాయి, వేడిమి మారితే గుణం మారుతుంది. బంగాళాఖాతం పైన 28 డిగ్రీలు ఉన్న నీళ్ళు కిలోమీటరు లోతులో పది డిగ్రీల కన్నా కిందికి పోతాయి. అక్కడ దించే పరికరానికి నేనైతే డిజిటల్‌నే నమ్ముతాను.

ఇప్పుడు హార్డ్‌వేర్. కార్ గొలుసులో ప్రతి దశా ఒక చిన్న రెండో స్థాయి ఫిల్టర్. రెండు స్టేట్ విలువలు (ముందు శాంపిల్ నుంచి గుర్తుపెట్టుకున్నవి), వాటిని కొద్దిగా తిప్పి, కొద్దిగా తగ్గించి, ఇన్‌పుట్ కలిపి కిందికి పంపుతుంది. మొత్తం ఎనిమిది గుణకారాలు. ఇది ఏ ప్రాసెసర్‌కైనా లెక్కలోకి రాని పనే. చిక్కు ఎక్కడంటే 40వ దశకి కావలసింది 39వ దశ ఇదే శాంపిల్‌కి ఇచ్చిన సమాధానం. అదీ కాక గెయిన్ సర్దే భాగం ప్రతి కొద్ది శాంపిల్స్‌కీ వెనక్కి వచ్చి గుణకాలని (ఫిల్టర్ గుణించడానికి వాడే సంఖ్యల్ని) మారుస్తుంది. వేల లెక్కలు ఒకేసారి చేయడానికి పుట్టిన జీపీయూకి ఒక్క హైడ్రోఫోన్ నుంచి వస్తున్న లైవ్ శబ్దం ఇస్తే, చాలా భాగం ఖాళీగా కూర్చుని వాట్లు తింటుంది. శాంపిళ్ళని దశల మధ్య ఏటవాలుగా జరిపి కొంత సమాంతరం రాబట్టవచ్చు, ల్యాబ్‌లో పాత రికార్డింగుల మీద మోడల్‌ని ట్రైన్ చేసేటప్పుడు అది పనికొస్తుంది. సముద్రంలో కాదు.

ఎఫ్‌పీజీఏకి వస్తే అదే చిక్కు సౌకర్యంగా మారుతుంది. 100 మెగాహెర్ట్జ్ క్లాక్, 44.1 కిలోహెర్ట్జ్ శాంప్లింగ్ అనుకోండి. ఒక శాంపిల్‌కీ ఇంకోదానికీ మధ్య 2,267 క్లాక్ సైకిళ్ళు ఉన్నాయి. 70 దశలుంటే ఒక్కోదానికి 32 సైకిళ్ళు. అంటే 70 ఫిల్టర్లు కట్టనవసరం లేదు, ఒక్కటి కట్టి దాన్నే 70 సార్లు వాడుకోవచ్చు. స్టేట్ విలువలూ గుణకాలూ బ్లాక్ ర్యామ్‌లో (చిప్ లోపలి మెమరీలో) పెట్టుకుని వరసగా తిప్పడమే. పశ్చిమ సిడ్నీ విశ్వవిద్యాలయానికి చెందిన యింగ్ షూ బృందం 2018లో చేసి చూపింది ఇదే: 44.1 కిలోహెర్ట్జ్ దగ్గర 70 దశల పూర్తి కార్‌ఫ్యాక్‌ని ఆల్టెరా సైక్లోన్ 5 మీద పెడితే లాజిక్‌లో 18 శాతమే పట్టింది. ఆ పనిలో బెంగళూరు ఐఐఎస్‌సీ ప్రొఫెసర్ చేతన్ సింగ్ ఠాకూర్ కూడా ఉన్నారు, కాబట్టి ఇది మనకి దూరపు విషయమేమీ కాదు. మిగిలిన 82 శాతంలో ఇంకో చెవో, వెనక ఒక చిన్న న్యూరల్ నెట్‌వర్కో పెట్టుకోవచ్చు.

నీళ్ళలో పని అనగానే మారేది ఏమిటంటే కింది ఫ్రీక్వెన్సీలు. మాటలు వినే మోడల్‌కి 30 హెర్ట్జ్ ఛానెల్ పెద్దగా అక్కర్లేదు, ఓడ కోసం వినేవాడికి అదే ప్రాణం. ఇక్కడే ఫిక్స్‌డ్ పాయింట్ లెక్కలు (దశాంశ బిందువుని కదపకుండా పరిమిత బిట్లలో చేసేవి) ఏడిపిస్తాయి, కొంచెం ఓపిగ్గా చదవండి. 44.1 కిలోహెర్ట్జ్ దగ్గర 30 హెర్ట్జ్ అంటే ఒక్కో శాంపిల్‌కి తిరగాల్సిన కోణం 0.00427 రేడియన్లు. దాని కొసైన్ 1కి 0.000009 మాత్రమే తక్కువ. 16 బిట్ల గుణకంలో ఒక మెట్టు 0.00003. అంటే ఆ కొసైన్ గుండ్రం చేయగానే 1 అయిపోతుంది. పుస్తకాల్లో కనిపించే మామూలు పద్ధతిలో, అంటే డైరెక్ట్ ఫామ్‌లో ఫిల్టర్ రాస్తే ఫ్రీక్వెన్సీ సమాచారమంతా ఆ కొసైన్‌లోనే దాక్కుని ఉంటుంది, కాబట్టి మీ 30 హెర్ట్జ్ ఫిల్టర్ ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర కూర్చుంటుందో మీ చేతుల్లో ఉండదు. లయన్ తన దశలని కపుల్డ్ ఫామ్‌లో రాశాడు. అందులో సైన్, కొసైన్ రెండూ విడివిడి గుణకాలు. కొసైన్ 1 అయిపోయినా ఫర్వాలేదు, సైన్ 0.00427 దగ్గర ఒక శాతం లోపు తప్పుతో నిలబడుతుంది, ఫ్రీక్వెన్సీ దాన్ని పట్టుకునే ఉంటుంది. గుణకారాలు రెండు మూడు ఎక్కువవుతాయి, అవ్వనివ్వండి. గుణకాలకి 18 బిట్లు, స్టేట్‌కి అంతకన్నా వెడల్పు ఇవ్వండి. సైక్లోన్ 5 డీఎస్‌పీ బ్లాకులు (గుణకారం కోసమే ఉన్న సర్క్యూట్లు) 27 బిట్లని 27 బిట్లతో గుణించగలవు కాబట్టి ఇక్కడ పీనాసితనం అక్కర్లేదు.

ఇంకా మంచి దారి ఒకటుంది. గొలుసులో శబ్దం పై ఫ్రీక్వెన్సీల నుంచి కిందికి దిగుతూ వస్తుంది, దిగే కొద్దీ పై భాగం దానంతట అదే వడకట్టుకుపోతుంది. కాబట్టి మధ్యలో, పై శబ్దం తగినంత అణిగాక, శాంప్లింగ్ రేటుని సగం చేయవచ్చు, తర్వాత మళ్ళీ సగం. యాంటీ అలియాసింగ్‌లో (రేటు తగ్గించినప్పుడు పై ఫ్రీక్వెన్సీలు కిందివాటిలో కలిసిపోకుండా ఆపే పనిలో) చాలా భాగం గొలుసే చేసి పెడుతుంది. 30 హెర్ట్జ్ ఛానెల్ చేరేసరికి రేటు 2.75 కిలోహెర్ట్జ్‌కి దిగి ఉంటే, కోణం 16 రెట్లు పెద్దదై పైన చెప్పిన బిట్ల ఏడుపు చాలావరకు పోతుంది, లెక్కలూ తగ్గుతాయి. కంట్రోల్ లాజిక్ మాత్రం చిక్కు పడుతుంది, ఏ శాంపిల్‌కి ఏ దశలు నడవాలి అన్న టైమ్ టేబుల్ జాగ్రత్తగా రాసుకోవాలి. నా ఉద్దేశంలో నీళ్ళ శబ్దానికి ఇది తప్పనిసరి.

తర్వాత గెయిన్. కార్‌ఫ్యాక్‌లో నాలుగు పొరలుగా సర్దుబాటు జరుగుతుంది, మామూలుగా వాటి టైమ్ కాన్‌స్టంట్లు (ఎంత సేపట్లో సర్దుకుంటాయన్నది) 2, 8, 32, 128 మిల్లీ సెకన్లు. ప్రతి ఛానెల్ పక్క ఛానెళ్ళని కూడా కొద్దిగా ప్రభావితం చేస్తుంది. దగ్గర్లో మర పడవ డబడబమంటూ పోతున్నా, ఆ ఛానెళ్ళలో మాత్రమే గెయిన్ తగ్గి, పైన ఎక్కడో డాల్ఫిన్ ఈల వినిపిస్తూనే ఉండడం దీని గొప్ప. కానీ ఇక్కడొక ప్రమాదం ఉంది, దీని గురించి తగినంత మాట్లాడుకోవడం లేదని నాకనిపిస్తుంది. నాలుగు రెక్కల ప్రొపెల్లర్ నిమిషానికి 120 సార్లు తిరుగుతుంటే షాఫ్ట్ 2 హెర్ట్జ్, రెక్కల తాకిడి 8 హెర్ట్జ్. ప్రొపెల్లర్ చుట్టూ బుడగలు చేసే ఉశ్శుమనే చప్పుడు ఆ 8 హెర్ట్జ్‌కి అనుగుణంగా ఎక్కువ తక్కువ అవుతుంటుంది. సోనార్ వాళ్ళు డెమన్ అనే పద్ధతిలో వెతికేది దీన్నే: ఒక బ్యాండ్ తీసుకుని, రెక్టిఫై చేసి (ఒక వైపు ఊపునే ఉంచి), లో-పాస్ చేసి (నెమ్మది మార్పుల్నే ఉంచి), మిగిలిన ఊగిసలాటకి ఎఫ్‌ఎఫ్‌టీ తీయడం. జాగ్రత్తగా చూస్తే మొదటి మూడు మెట్లూ చెవిలో ఉన్నవే. ఫిల్టర్ బ్యాండ్ తీస్తుంది, లోపలి వరస రోమ కణం ఒక వైపు ఊపునే పట్టించుకుని రెక్టిఫై చేస్తుంది, దాని పొర లో-పాస్ చేస్తుంది. అంటే కాక్లియా మోడల్ నడిపితే డెమన్‌లో మూడొంతులు ఉచితంగా వచ్చేసినట్టే, అదీ ఒక్క బ్యాండ్‌లో కాకుండా అన్ని ఛానెళ్ళలోనూ. రొయ్యలు తక్కువ గోల చేస్తున్న ఛానెళ్ళని ఏరుకోవచ్చు.

అయితే ఆ 2 హెర్ట్జ్, 8 హెర్ట్జ్ ఊగిసలాటలే గెయిన్ కంట్రోల్‌కి సర్దేయాల్సిన మార్పుల్లా కనిపిస్తాయి. 128 మిల్లీ సెకన్ల పొర సుమారు 1.2 హెర్ట్జ్ కన్నా నెమ్మదైన మార్పుల్ని అణిచేస్తుంది, 32ది 5 హెర్ట్జ్ దాకా, 8ది 20 దాకా. అంటే మనం వెతుకుతున్న ఆనవాలుని మన మోడలే పలచన చేస్తోంది. ఫ్యాక్‌కి ముందు నుంచి సిగ్నల్ తీసుకుందామా అంటే ఆ గెయిన్ వెనక్కి పోయి ఫిల్టర్ల డ్యాంపింగ్‌నే (కంపనం ఎంత త్వరగా అణగాలన్నదాన్నే) మారుస్తుంది, ముందు అనే చోటే లేదు. మాటలు వినడానికి తగిన కాలాలని ఓడలు వినడానికి అలాగే పెట్టేయకూడదు. వేగంగా సర్దే రెండు పొరల్ని టక్కుల కోసం ఉంచి, నెమ్మదిగా సర్దే రెండింటినీ సెకన్లలోకి సాగదీయడం నాకు సరైనదిగా తోస్తుంది. అందుకే ఈ కాన్‌స్టంట్లని వెరిలాగ్‌లో (చిప్ సర్క్యూట్ రాసే భాషలో) బిగించేయకుండా రిజిస్టర్లలో పెట్టండి, పరికరం నీళ్ళలో దిగాక కూడా మార్చుకునేలా.

చెవి ఓడిపోయే చోటు కూడా చెప్పాలి. 60 హెర్ట్జ్ దగ్గర మన చెవి ఫిల్టర్ వెడల్పు 31 హెర్ట్జ్ వరకు ఉంటుంది. సరుకు ఓడల్లో ఎక్కువ భాగం 60 హెర్ట్జ్ కరెంటు వాడతాయి, మన ఒడ్డున గ్రిడ్ 50 హెర్ట్జ్. హైడ్రోఫోన్‌లో కనిపించిన గీత ఓడ జనరేటర్‌దా, మన సొంత కేబుల్ పట్టుకున్న హమ్మా అన్నది పది సెకన్ల ఎఫ్‌ఎఫ్‌టీ తీస్తే ఒక్క చూపులో తేలిపోతుంది, కాక్లియా ఫిల్టర్‌కి రెండూ ఒకే ఛానెల్‌లో పడతాయి. సన్నటి గీతలు చదవడంలో పాత లోఫార్ గ్రామ్‌ని (ఫ్రీక్వెన్సీ గీతల్ని కాలం వెంబడి చూపే సోనార్ బొమ్మని) చెవి మోడల్ కొట్టలేదు, కొట్టాల్సిన పనీ లేదు. రెండూ పెట్టండి. కింది వైపు రేటు తగ్గించిన సిగ్నల్ మీద పొడవాటి ఎఫ్‌ఎఫ్‌టీ చాలా చవక. చెవి మోడల్ అన్నిటికీ మందు అని రాసే వ్యాసాలు చూస్తే నాకు కోపం వస్తుంది, ఎందుకంటే అలా అతిగా చెప్పడం వల్లే అది నిజంగా మెరుగ్గా చేసే పనిని కూడా జనం నమ్మడం మానేస్తారు.

డాల్ఫిన్ల కోసమైతే గొలుసుని పైకి జరపాలి. కాక్లియాలో చోటుకీ ఫ్రీక్వెన్సీకీ ఉన్న సంబంధాన్ని గ్రీన్‌వుడ్ ఒక్క సూత్రంలో రాశాడు, స్థిరాంకాలు మారిస్తే అదే సూత్రం చాలా జంతువులకి సరిపోతుంది. కాబట్టి హార్డ్‌వేర్ అదే, టేబుల్ వేరు. కాకపోతే 256 కిలోహెర్ట్జ్ శాంప్లింగ్ దగ్గర 100 మెగాహెర్ట్జ్ క్లాక్‌కి 390 సైకిళ్ళే మిగులుతాయి, ఒక్క ఫిల్టర్‌ని 70 సార్లు తిప్పడం కుదరదు, నాలుగైదు కాపీలు కట్టాల్సిందే.

రెండు చెవులు పెట్టి దిక్కు కనుక్కోవడం ఇంకో ఆకర్షణ. నీళ్ళలో శబ్దం సెకనుకి 1,500 మీటర్లు, గాలిలో కన్నా నాలుగు రెట్ల పైన. 20 సెంటీమీటర్ల ఎడంలో రెండు హైడ్రోఫోన్లు పెడితే గరిష్ఠంగా 0.13 మిల్లీ సెకన్ల తేడా, 44.1 కిలోహెర్ట్జ్‌లో ఆరు శాంపిళ్ళు కూడా లేవు. నీళ్ళలో మునిగినప్పుడు బోటు ఏ వైపు నుంచి వస్తోందో మనకి తెలియకపోవడానికి ఒక పెద్ద కారణం ఇదే. మెషిన్‌కి ఆ బాధ లేదు, హైడ్రోఫోన్లని మీటరు దూరం జరిపితే చాలు.

ఇక కరెంటు. పది డీ-సైజు ఆల్కలైన్ సెల్స్‌లో సుమారు 200 వాట్ అవర్లు అనుకుందాం. రెండు వాట్లు తినే బోర్డు నాలుగు రోజులు నడుస్తుంది. 50 మిల్లీవాట్ల దగ్గర నడిపిస్తే ఐదు నెలల పైనే. సైక్లోన్, జింక్ (Zynq) లాంటి పెద్ద చిప్‌లు ల్యాబ్‌లో చాలా సుఖం, కానీ నీళ్ళలోకి దించేటప్పుడు నా కన్ను లాటిస్ ఐస్40 అల్ట్రాప్లస్ లాంటి చిన్న చిప్‌ల మీద ఉంటుంది. అందులో ఉన్నవి 5,280 లట్‌లు (చిన్న లాజిక్ గడులు), 8 డీఎస్‌పీ గుణకార యూనిట్లు, అవీ 16 బిట్లవి. 8 కిలోహెర్ట్జ్ శాంప్లింగ్, 24 మెగాహెర్ట్జ్ క్లాక్ పెట్టుకుంటే శాంపిల్‌కి 3,000 సైకిళ్ళు, 60 దశలకి ఒక్కోదానికి 50. సరిపోతుంది. 16 బిట్ల గుణకార యూనిట్‌తో వెడల్పు స్టేట్‌ని రెండు విడతలుగా గుణించాలి, సైకిళ్ళు ఉన్నాయి కాబట్టి గొడవ లేదు.

చివరిగా, ఇలాంటి ఫ్రంట్ ఎండ్ (శబ్దాన్ని మొదట అందుకునే భాగం) నిజంగా మేలు చేసిందా అని కొలిచే విషయం. బయట దొరికే రికార్డింగుల్లో స్పెయిన్‌లో తయారైన షిప్స్‌ఇయర్‌లో 90 రికార్డింగులున్నాయి, డీప్‌షిప్‌లో 265 ఓడలవి 47 గంటలు. ఒకే ఓడ రికార్డింగుని ముక్కలు కోసి, కొన్ని ముక్కలతో నేర్పి కొన్నిటితో పరీక్షిస్తే ఎవరికైనా తొంభై ఎనిమిది శాతం వస్తుంది, మోడల్ నేర్చుకున్నది ఆ రోజు సముద్రాన్ని మాత్రమే. ఓడ వారీగా విడదీయండి, కుదిరితే ఒక డేటాతో నేర్పి ఇంకోదానితో పరీక్షించండి. దాని మీద రొయ్యల చిటపట కలిపి మళ్ళీ చూడండి. మొదలుపెట్టాలనుకునేవాళ్ళు వెరిలాగ్ తెరవకముందే లయన్ కోడ్‌ని పైథాన్‌లో నడిపి, ఈ పరీక్షలన్నీ ఫ్లోటింగ్ పాయింట్‌లో ఒకసారి, 16, 18, 24 బిట్లలో ఒక్కోసారి చేసి, మార్కులు ఎక్కడ పడిపోతున్నాయో రాసుకోండి. చిప్ ఏది కొనాలో ఆ పట్టిక చూశాకే తేలుతుంది.